సైటు లేని సంబంధం కావలెను

కావలెను: బీటెక్ చదివినది, పొడవు తగినంత, రంగు తగినంతకు కాస్త మించి, అమెరికా వెళ్లడానికి సిద్ధం, అత్తగారు పిలిస్తే దాచేపల్లి రావడానికి మరింత సిద్ధం. కట్నం మీద మాకు ఆశ లేదు. మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం. ఆ ఇష్టం ఎంతో ముందుగా చెప్పగలరు. సైటు ఉన్నవారు శ్రమపడవద్దు.

పేపర్లో ఈ ప్రకటన అచ్చంగా ఇలాగే పడదు. పడనక్కర్లేదు. మా పల్నాడులో దాచేపల్లి నుంచి అటు గురజాల దాకా, ఇటు పిడుగురాళ్ల దాకా ఏ పెళ్లిళ్ల పేరయ్య సంచీ దులిపినా ఈ మాటలే రాలతాయి. పూర్వం గోత్రం అడిగేవాళ్లు. తర్వాత నక్షత్రం, ఆ తర్వాత ప్యాకేజీ. ఇప్పుడు నాలుగో ప్రశ్న వచ్చి చేరింది: "అమ్మాయికి అద్దాలున్నాయా?"

ఉన్నాయంటే బేరం మొదలు. మైనస్ ఒకటీ ఒకటిన్నరా అయితే ఫొటోకి తీసేస్తే సరి. మైనస్ మూడు దాటితే అర ఎకరం. ఆరు దాటితే హైవే పక్క స్థలం. పది దాటితే మగపెళ్లివారు కాఫీ కూడా ముట్టకుండా లేస్తారు, తాగితే ఎక్కడ మొహమాటపడాల్సి వస్తుందోనని. భూముల మార్కెట్ విలువలు సవరించినప్పుడల్లా ఈ పట్టికను కూడా సవరించి గోడకు అంటిస్తే సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు నాలుగు రూపాయలొచ్చేవి.

అబ్బాయి సంగతి మాత్రం అడక్కండి. అబ్బాయికి మైనస్ అయిదుంటే బాగా చదివాడని లెక్క. అమ్మాయికి అదే మైనస్ అయిదుంటే దాచిపెట్టి అంటగట్టారని లెక్క.

"పిల్ల బంగారం బాబాయ్, ఒక్క అద్దాలే..."

"ఎంతుందేంది?"

"ఎనిమిది."

"ఎనిమిదా! మరి లోపల లెన్సు పెట్టించరాదా అబ్బాయ్? ఇప్పుడందరూ అదే గదా చేయించేది. అసలు కనపడదంట."

"ఎవరికి కనపడదు?"

"మగపెళ్లివారికి."

వైద్యశాస్త్రం నూరేళ్లు చెమటోడ్చి ఇంత దూరం వచ్చింది ఇందుకన్నమాట.

ఆ లోపలి లెన్సు పేరు ఐసీఎల్. కంట్లో నల్లగానో గోధుమరంగులోనో కనిపించే ఐరిస్ ఉంటుంది చూడండి, దాని వెనక, పుట్టుకతో వచ్చిన సొంత లెన్సుకు ముందు, ఉన్న కాస్త సందులో ఒక మెత్తని బిళ్లను పెడతారు. మడిచి, మూడు మిల్లీమీటర్ల గాటులోంచి లోపలికి జార్చి, అక్కడ విప్పుతారు. లేసిక్ అనే లేజర్ ఆపరేషన్‌లో లాగా కార్నియాను చెక్కే పని లేదు. అవసరమైతే మళ్లీ తీసేయవచ్చు. కొలామర్ అనే పదార్థంతో చేసిన ఈ రకం లెన్సుకు అమెరికా ఎఫ్‌డీఏ 2005 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. మధ్యలో 0.36 మిల్లీమీటర్ల రంధ్రమున్న కొత్త రకానికి 2022 మార్చిలో ఇచ్చింది. కంట్లో ఊరే నీరు ఆ రంధ్రంలోంచి పారుతుంది కాబట్టి, అంతకుముందులా ఐరిస్‌కు లేజర్‌తో చిల్లి పెట్టే అవసరం తప్పింది. ఈ కొలామర్‌లో పంది నుంచి తీసిన కొల్లాజెన్ కొద్దిగా కలుస్తుంది. ఉల్లిపాయ కూడా గడప దాటి రాని ఇళ్లవాళ్లు "అద్దాల్లేని పిల్లే కావాలి" అని పట్టుబట్టేముందు ఈ ముక్క కూడా తెలుసుకుని పట్టుబడితే బాగుంటుంది.

మంచి లెన్సే. మైనస్ పన్నెండుతో, సీసా అడుగంత మందం అద్దాలతో బతికేవాళ్లకు, కార్నియా పల్చగా ఉండి లేసిక్ పనికిరానివాళ్లకు అది నిజంగా మేలు చేస్తుంది. తనకోసం తాను ఆలోచించుకుని, అన్నీ కనుక్కుని చేయించుకునే పిల్లకు దణ్ణం పెడతాను. నా తగాదా లెన్సుతో కాదు, దాన్ని లాంఛనాల జాబితాలో వెండి కంచానికీ పట్టుచీరకూ మధ్యన రాసినవాళ్లతో.

ఇంతకీ ఈ సైటు ఎక్కడినుంచి వచ్చింది? కొంత తల్లిదండ్రుల నుంచి, అది ఎవరూ ఆపలేరు. మిగతాది మనం డబ్బు కట్టి తెప్పించుకున్నాం. దాచేపల్లిలో ఉంటే చెడిపోతారని పిల్లల్ని ఆరో తరగతిలోనే గుంటూరుకో విజయవాడకో తీసుకెళ్లి రెసిడెన్షియల్ కాలేజీలో దింపి వచ్చాం. అది కాలేజీ అని బోర్డు చెబుతుంది, చూస్తే అపార్టుమెంటు. ఆటస్థలం అని బ్రోచర్లో ఉంటుంది. చూస్తే కార్ పార్కింగు. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి పడుకోబోయే ముందు స్టడీ అవర్, మధ్యలో ఉన్నదంతా కూడా స్టడీ అవరే. మూడడుగుల దూరానికి మించి దేన్నీ చూడాల్సిన పనిలేకుండా ఆరేడేళ్లు పెరిగిన కన్ను, ఆ మూడడుగులకే సరిపడా తయారైంది. పాపం అది చెప్పినమాట విన్నది.

పగటి వెలుతురులో ఆరుబయట తిరిగే పిల్లలకు సైటు రావడం తగ్గుతుందని ఎన్నో దేశాల్లో తేల్చారు. తైవాన్‌లో 2010 నుంచి బడిపిల్లల్ని రోజుకు 120 నిమిషాలు బయట ఉంచాలని ప్రభుత్వమే కార్యక్రమం పెట్టింది. అప్పటిదాకా ఏటేటా పెరుగుతూ వచ్చిన సైటు పిల్లల శాతం అక్కడ తగ్గుముఖం పట్టింది. మన దగ్గర 120 నిమిషాలంటే ఒక వీకెండ్ టెస్టు. మనిషిని మాడ్చేసేంత ఎండ ఉచితంగా కాసే పల్నాడులో పుట్టిన పిల్లలకు వెలుతురు కరువైంది. సైటు తెచ్చుకోవడానికి ఇంటర్ దాకా ఫీజు, ఆ సైటు పోగొట్టుకోవడానికి పెళ్లి ముందు ఫీజు. రెండు రసీదులూ తండ్రి పేరు మీదే.

ఇక రెండో రసీదు రాసే చోటికి పోదాం. అక్కడ డాక్టరు గారు తర్వాత కనిపిస్తారు, ముందు కౌన్సెలర్ కూర్చోబెడతారు. పత్తి ఆకు ఒకటి తెంపి పట్టుకుని పురుగుమందుల కొట్టుకు పోయిన రైతు అయిదు సీసాలతో, ఒక బహుమతి టోపీతో బయటికి రావడం మనకు తెలుసు. ఇక్కడా అంతే. ఆకు బదులు కన్ను.

"ఇంపోర్టెడ్ వేయమంటారా సర్, ఇండియన్ వేయమంటారా?"

"తేడా ఏందమ్మా?"

"ఇంపోర్టెడ్ అయితే... ఇంపోర్టెడ్ సర్."

ఇంతకన్నా వివరంగా ఎవరు చెప్పగలరు? తండ్రి తల ఊపుతాడు. పక్కన తల్లి ఉంటుంది, ఆమె ముందు "ఇండియన్" అనడానికి నోరు రాదు. మంచి రకం అయితే రెండు కళ్లకూ కలిపి లక్ష పైమాట. లక్షన్నర అనుకుందాం. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలు అని లెక్క కట్టింది. ఆ లెక్కన ఒక్క పిల్ల అద్దాలు తీయించడానికి పన్నెండు క్వింటాళ్లకు పైగా ఎండుమిర్చి గుంటూరు యార్డుకు పోవాలి. విత్తనం దగ్గర అప్పు, మందు దగ్గర అప్పు, కౌలు దగ్గర అప్పు చేసినవాడు కళ్లజోడు దగ్గర ఆగుతాడా?

ఈ ఇంపోర్టెడ్ మోజుకు ఒక చరిత్ర ఉంది. కంట్లో మొట్టమొదటి కృత్రిమ లెన్సు పెట్టినాయన లండన్ డాక్టరు హెరాల్డ్ రిడ్లీ. 1949 నవంబరు 29న, సెయింట్ థామస్ ఆసుపత్రిలో, శుక్లం తీసిన కంట్లో. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం పైకప్పు పగిలి ఆ ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా కన్ను వాటిని తిప్పికొట్టకపోవడం గమనించి, అదే రకం ప్లాస్టిక్‌తో లెన్సు చేయించాడు. తోటి డాక్టర్లు దశాబ్దాల పాటు ఆయన్ని తిట్టిపోశారు. తర్వాత ఆ లెన్సే కోట్లమందికి చూపునిచ్చింది, కానీ ధర వంద డాలర్ల పైన ఉండేది. 1992లో మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్లు ఆరోల్యాబ్ పెట్టి దాన్ని పది డాలర్ల దగ్గరికి దించారు. ఇప్పుడా శుక్లం లెన్సులు నూటికి పైగా దేశాలకు పోతున్నాయి. సైటుకు పెట్టే లెన్సులు కూడా గుజరాత్‌లోని వడోదరలో తయారై విదేశాలకు ఎగుమతి అవుతున్నాయి. అంటే విదేశీయులు మన లెన్సు పెట్టించుకుంటున్నారు, మనం వాళ్ల లెన్సు పెట్టించుకుంటున్నాం. వాళ్లూ "ఇంపోర్టెడ్" అనే మురుస్తూ ఉండొచ్చు.

ధర సంగతి ప్రభుత్వం చూడదా అంటే చూస్తుంది, ఓ కన్నేసి. గుండెకు వేసే స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో గరిష్ఠ ధర కట్టారు. మోకాలి చిప్పలకు అదే ఏడాది ఆగస్టులో కట్టారు. కంటి లెన్సు దగ్గరికి వచ్చేసరికి ఎంఆర్పీ ఏడాదికి పది శాతం మించి పెంచరాదన్న నిబంధనతో సరిపెట్టారు. మొదటి ధర ఎంత పెట్టాలో పెట్టేవాడి ఇష్టం. ఆ పైన పెంచడంలో మాత్రం మర్యాద పాటించాలి.

కౌన్సెలర్ చెప్పేవి పోస్టరు మీదే ఉంటాయి. చెప్పకుండా మిగిలిపోయేవి ఇవి. వయసు ఇరవై ఒకటి నిండాలి, అద్దాల నంబరు కనీసం ఏడాదిగా మారకుండా ఉండాలి. ముహూర్తం దగ్గర పడిందని నంబరు ఆగదు. లెన్సు పెట్టే ఖాళీ సరిపడా లోతు ఉండాలి, ఎఫ్‌డీఏ ప్రకారం కనీసం మూడు మిల్లీమీటర్లు. కార్నియా లోపలి పొరలో కణాలు తగినన్ని ఉన్నాయో లేదో లెక్కించాలి, ఆపరేషన్ తర్వాత కూడా లెక్కిస్తూ ఉండాలి. లెన్సు కొలత పెద్దదైతే లోపల ఇరుకై కంటి ఒత్తిడి పెరగవచ్చు. చిన్నదైతే సొంత లెన్సును తాకి చిన్నవయసులోనే శుక్లం రావచ్చు. పెద్ద సైటు ఉన్న కన్ను పొడవు సాగిన కన్ను. లోపల లెన్సు పెట్టినంత మాత్రాన ఆ సాగుడు పోదు, రెటీనా ఊడే ప్రమాదమూ పోదు, ఏటా పరీక్ష తప్పదు. నలభై దాటాక చత్వారం ఎలాగూ వస్తుంది, చదువుకోడానికి అద్దాలు ఎలాగూ వస్తాయి. అప్పుడు మగపెళ్లివారు లేచి వెళ్లిపోవడానికి వీలుండదనుకోండి.

పెళ్లికూతుళ్లే కాదు, ఉద్యోగాల కోసం కుర్రాళ్లూ వరస కడుతున్నారు. ఊరి పక్కనే నడికుడి జంక్షన్. రైలు కూత వింటూ పెరిగినవాడికి ఇంజను నడపాలని ఉంటుంది. అద్దాలుంటే అసిస్టెంట్ లోకో పైలట్‌గా తీసుకోరని ఎవడో చెబుతాడు, వీడు పొలం తాకట్టు పెట్టించి కళ్లు బాగుచేయించుకుంటాడు. తీరా నోటిఫికేషన్ చదివితే, సైటు పోవడానికి లేసిక్ గానీ మరే శస్త్రచికిత్స గానీ చేయించుకున్నవాళ్లు ఆ ఉద్యోగానికి పనికిరారని ఉంటుంది. ముందు చదివి తర్వాత కోయించుకోవాలని చెప్పాల్సిన కోచింగ్ సెంటర్ వాడు అప్పటికే ఫీజు తీసుకుని తర్వాతి బ్యాచ్‌లో ఉంటాడు.

ఇంతదాకా చెప్పింది ఒక దాచేపల్లి. ఇంకోటి ఉంది. దానికి లెన్సు అక్కర్లేదు, నూటయాభై రూపాయల అద్దాలు చాలు. అవే లేవు.

మిర్చి కోత అయ్యాక కల్లంలోకి వెళ్లి చూడండి. నెత్తిన కొంగు, ముక్కుకు గుడ్డ, చుట్టూ ఘాటు. ఎర్రటి రాశుల పక్కన కూర్చుని తాలుకాయ వేరుగా, మచ్చకాయ వేరుగా ఏరి, తొడిమలు తీసే ఆడవాళ్లలో నలభై దాటినవాళ్లే ఎక్కువ. వాళ్లకు చత్వారం వచ్చి ఏళ్లయింది. కాయను చాచిన చేతిదాకా జరిపి, కళ్లు చికిలించి, వేలితో తడిమి గ్రేడు తేలుస్తారు. తాలు కలిసిందని టిక్కీకి, అంటే మిర్చి బస్తాకు, ధర తగ్గితే మేస్త్రి తిట్టేది వాళ్లనే. "కళ్లు కనపడటంలా పిన్నీ?" అంటాడు. నిజంగానే కనపడటం లేదని ఆయనకు తట్టదు.

అసోంలో తేయాకు కోసే నలభై దాటిన కూలీలకు దగ్గరచూపు అద్దాలిచ్చి చేసిన అధ్యయనం ఒకటి 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చింది. అద్దాలు లేనివాళ్లతో పోలిస్తే ఉన్నవాళ్ల పని దిగుబడి 21.7 శాతం ఎక్కువ పెరిగింది. ఏ ఎరువూ, ఏ మందూ, ఏ బీటీ విత్తనమూ అంత చవగ్గా అంత దిగుబడి ఇవ్వలేదు. అయినా మన షావుకార్లు కల్లంలో సీసీ కెమెరా పెడతారు గానీ అద్దాల డబ్బా పెట్టరు. కెమెరా కూలీని చూస్తుంది. అద్దాలతో కూలీ కాయను చూస్తుంది. ఎవరు చూడాలో వాళ్లు తేల్చుకున్నారు.

పిడుగురాళ్ల, నడికుడి సున్నం బట్టీల సంగతి సరేసరి. సున్నం క్షారం, కంట్లో పడితే పైపైన ఆగదు, లోపలికి తింటూ పోతుంది. పడిన క్షణం నుంచి నీళ్లతో కడుగుతూనే ఉండాలి, కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి. మనవాళ్లు చనుబాలు పిండుతారు, లేకపోతే ఆకు పసరు. పత్తికట్టె గుచ్చుకున్న కంటికీ అదే వైద్యం. బూజు పట్టి పుండై, తెల్లటి పువ్వు పూసి, ఆ తర్వాత బస్సెక్కుతారు. అట్లా సున్నానికి కాలిన కళ్లకు, బాగున్న రెండో కంటి నుంచి చిన్న పొరముక్క తీసి నాటి కార్నియా పైపొరను మళ్లీ మొలిపించే తేలిక పద్ధతిని 2012లో లోకానికి చెప్పింది ఎక్కడివాళ్లో కాదు, హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు. ఆ ఆసుపత్రిని 1987లో మొదలుపెట్టిన గుళ్లపల్లి నాగేశ్వరరావు చదివింది మన గుంటూరు మెడికల్ కాలేజీలో. స్థలమూ, కోటి రూపాయలూ ఇచ్చింది సినిమాలు తీసిన ఎల్.వి. ప్రసాద్. బట్టీలో పనిచేసేవాడికి ఈ సంగతి చెప్పే పోస్టరు దాచేపల్లి సెంటర్లో ఒక్కటి చూపించండి. "అద్దాలకు గుడ్‌బై" పోస్టర్లు ఎన్నైనా చూపిస్తాను.

ప్రభుత్వాలేమీ చేతులు కట్టుకుని కూర్చోలేదు. దేశంలో అంధత్వ నివారణ కార్యక్రమం 1976 నుంచి ఉంది. ఆరు మీటర్ల దూరంలో వేళ్లు లెక్కపెట్టలేనివాణ్ని అంధుడనే లెక్క ఎన్నో ఏళ్లు నడిచింది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతకు సరిపెడుతూ ఆ దూరాన్ని మూడు మీటర్లకు మార్చారు. కత్తి లేదు, కుట్టు లేదు, కంట్లో చుక్కమందు లేదు. లక్షలమంది ఒక్క కాగితంతో అంధుల జాబితాలోంచి బయటపడ్డారు. ఇంత నొప్పి లేని ఆపరేషన్ ఏ ఇంపోర్టెడ్ మిషనుతోనూ సాధ్యం కాదు.

పొందుగల వంతెన అవతల తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు అనే ఉచిత కంటి పరీక్షల పథకం మొదలైంది. ఇవతల మనకు 2019 అక్టోబరు 10న వైఎస్సార్ కంటి వెలుగు మొదలైంది, 5.40 కోట్ల మందికి పరీక్షలని ప్రకటించారు. ముందు బడిపిల్లలు, తర్వాత అవ్వాతాతలు. తర్వాత కరోనా వచ్చింది, ఎన్నికలొచ్చాయి, పాత పథకాల పేర్లు మారాయి. మిర్చి ఏరే నడివయసు పిన్ని బడిపిల్లా కాదు, అవ్వా కాదు. ఆమె వంతు వచ్చేసరికి వెలుగు మీద బొమ్మ మారింది.

కాబట్టి పెద్దలకు మనవి. మిర్చి షావుకార్లూ, ఈ సీజనులో కల్లానికి ఒక డజను దగ్గరచూపు అద్దాలు కొనండి. ఒక టిక్కీ డబ్బుల్లో ఇంకా మిగులుతుంది. బట్టీల యజమానులూ, కళ్లకు అడ్డం పెట్టుకునే అద్దాలు, పక్కన నీళ్ల కుళాయి పెట్టండి. తల్లిదండ్రులారా, మీ అమ్మాయి తనంతట తాను లెన్సు కావాలంటే పైన రాసిన కొలతలన్నీ తీయించి, ఇంకో డాక్టరును కూడా అడిగి, అప్పుడు వేయించండి. పేరయ్య అడిగాడని మాత్రం వేయించకండి.

మగపెళ్లివారు వచ్చినప్పుడు కాఫీకన్నా ముందు కంటి డాక్టరు దగ్గరుండే అక్షరాల చార్టు ఒకటి గోడకు తగిలించండి. కుర్చీ ఆరు మీటర్ల దూరంలో వేసి, పెళ్లికొడుకుతో మొదలుపెట్టి ఒక్కొక్కళ్ల చేతా, అద్దాలు తీయించి, చివరి వరస చదివించండి. చదవలేనివాళ్లకు కాఫీ ఇచ్చి పంపేయండి. వాళ్లు పెట్టిన నియమమే కదా.